పైకి చెబుతూ రాయాలి

పాప గదిలో గోడకున్న తెల్లబోర్డు ముందు అతను మార్కర్ పట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసులో కొత్త ఇంజినీర్లను ఇంటర్వ్యూ చేసే అతని భార్య మంచం అంచున కూర్చుంది.

"రేపు ఇంటర్వ్యూలో నోరు మూసుకుని కోడ్ రాశావో, నీ పని అయిపోయినట్టే. బుర్రలో ఏం తిరుగుతోందో పైకి చెబుతూ రాయాలి."

"జవాబు కరెక్టయితే చాలదా?"

"చాలదు. ఎక్కడ ఇరుక్కున్నావో తెలిస్తేనే కదా ఎవరైనా చెయ్యందించేది."

"సరే, అడుగు."

"రెండేళ్లు ఉద్యోగం ఎందుకు మానేశారు?"

"పాపకి ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో తోడున్నాను."

"ఇప్పుడెలా ఉంది అంటారు."

"ఇక లేదంటాను."

"...సరే, కోడ్ రాయి. అదేంటి, అక్షరాలన్నీ పైనే ఇరికిస్తున్నావు? కింద బోలెడు చోటుందిగా."

"పాప గీసిన పిల్లి ఉందక్కడ."

"తెలుసు."

అతను రాయడం ఆపేశాడు.

"చూడు, మళ్లీ మాట్లాడవు. ఆ రోజు నుంచీ నాతోనూ ఇంతే. ఏమనుకుంటున్నావో పైకి చెప్పు."

"చివరిసారి ఆసుపత్రికి బయల్దేరుతుంటే పిల్లికి మీసాలు గీయమంది. తిరిగొచ్చాక గీద్దాంలే అన్నాను."

"ఆపకు. చెబుతూ ఉండు."