ట్యాంకులో నీళ్లు

కిటికీ దగ్గర నిలబడి కోడలు ఫోన్‌ని గాలిలో అటూ ఇటూ తిప్పుతోంది. ఇంకాసేపట్లో ఉద్యోగానికి వీడియో ఇంటర్వ్యూ. తెర మీద చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది.

“ఫోనుకి దిష్టి తీస్తున్నావా అమ్మాయ్?”

“నెట్ కదలట్లేదు అత్తయ్యా. ఉన్నది ఒక్క టవరు. సాయంత్రమయ్యేసరికి అపార్ట్‌మెంటంతా మనిషికో వీడియో. పోయినసారి ఇంటర్వ్యూ మధ్యలోనే తెగిపోయింది, వాళ్లు మళ్లీ పిలవలేదు.”

“కాసేపు ఆపమని అందరినీ అడిగితే?”

“ఎవరాపుతారు? మీరే ఫోన్లో మీ సీరియల్ ఆపలేదు.”

“ఇదిగో, ఆపేశాను. నువ్వు కూర్చుని జుట్టు సరిచేసుకో. నేనిప్పుడే వస్తా.”

అత్తగారు మెట్లెక్కి వెళ్లారు. కోడలు కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. ఇంతలో పై అంతస్తుల్లో బకెట్లు మోగాయి. చక్రం ఆగి, తెర మీద ఎవరో నవ్వుతూ నమస్కారం పెట్టారు.

ఇంటర్వ్యూ ముగిసేసరికి అత్తగారు సోఫాలో సీరియల్ చూస్తున్నారు.

“వచ్చే నెల చేరమన్నారు అత్తయ్యా. నెట్ ఒక్కసారీ ఆగలేదు. ఇంతకీ పైవాళ్లకేం చెప్పారు?”

“మోటారు పాడైంది, కాసేపట్లో నీళ్లు రావన్నాను. ఫోన్లు కట్టేసి కుళాయిల దగ్గరికి పరుగెత్తారు.”

“ఎంత అబద్ధమండీ.”

“అదీ అబద్ధంగా నిలవలేదే తల్లీ. అందరూ ఒక్కసారే పట్టేసరికి ట్యాంకు నిజంగానే ఖాళీ అయింది. మనింట్లో చుక్క లేదు. పైవాళ్లనడిగి ఓ బకెట్ పట్టుకురా. నేనడిగితే బాగుండదు.”