జివ్వుమనే పళ్ళు

ఉయ్యూరులో పళ్ళాసుపత్రి వరండాలో తల్లీ కూతురూ బెంచీ మీద కూర్చున్నారు.

“డాక్టరమ్మ ఏమందే?”

“నిద్రలో పళ్ళు నూరుతున్నానంట. అరిగిపోయి, మంచినీళ్ళు తాగినా జివ్వుమంటున్నాయి. ఇంట్లో ఏమన్నా ఇబ్బందా అని అడిగిందమ్మా.”

“చెప్పావా?”

“ఆయన పక్కనే ఉంటే ఎట్లా చెప్తాను? లేదన్నాను.”

“మంచిపని చేశావు. మందేమిచ్చింది?”

“పేస్టు రాసిచ్చింది. రోజూ దాంతో తోముకుంటే జివ్వుమనడం తగ్గిద్దంట. ఆయన కొనడానికెళ్ళారు.”

“తగ్గిద్దిలే. నేనూ అదేగా వాడేది.”

“నువ్వా? ఎప్పటినుంచి?”

“నీ చిన్నప్పటినుంచీ. మీ నాన్న కొట్టినప్పుడల్లా, నువ్వు లేస్తావని పళ్ళు బిగబట్టుకునేదాన్ని.”

“నాన్న పోయి ఇన్నేళ్ళయిందిగా. ఇంకా ఎందుకమ్మా?”

“అరిగిన పళ్ళు మళ్ళీ పెరగవే.”

కూతురు లేచి నిలబడింది.

“ఎక్కడికే?”

“లోపలికి. ఆయన వచ్చేలోపు చెప్పేసొస్తాను.”