గురువారం బృందగానం

గురువారం ఉదయం. ఫోన్లో వీడియో పాటల క్లాసు. ఒకవైపు టీచరు, రెండోవైపు పని మానేసిన ముసలి లారీ డ్రైవరు.

"మీ చెవి కనిపిస్తోంది బాబాయ్. మొహం చూపించండి."

"మొహం చూపిస్తే నీ మాట వినపడదమ్మా. కుడి చెవి ఇంజను తినేసింది, మిగిలింది ఈ ఎడం చెవి ఒక్కటే. ఇవాళ్టికి చెవితోనే మాట్లాడు."

"ఫోను గోడకి ఆనించి స్పీకరు నొక్కండి. మొన్న చెప్పానుగా."

"ఆఁ... ఇదిగో... ఉన్నానా?"

"ఉన్నారు. ఏంటి, కొత్త చొక్కానా?"

"కొత్తదేం కాదు, ఇస్త్రీ చేశాను. నలుగురిలోకి వస్తున్నాను కదా అని. ఏరీ ఆ నలుగురూ?"

"వస్తారేమో చూద్దాం. మనం మొదలుపెడదామా?"

"ఆగమ్మా ఆగు. ఎక్కాల్సిన వాళ్ళు ఎక్కకుండానే బండి తీసేస్తామా? కాసేపు చూద్దాం."

"సరే... చూద్దాం."

"పోయిన వారం కూడా ఇలాగే చూశాం. అంతకుముందూ చూశాం."

"ఎవరూ రారేమో బాబాయ్."

"ఎందుకు రారు?"

"అదే... చెప్పానుగా. ఒక్కొక్కళ్ళకీ ఒక్కో ఇబ్బంది."

"మళ్ళీ చెప్పు. నాకు మతిమరుపు. హెడ్మాస్టరు గారికేమైంది?"

"కంటి ఆపరేషన్. ఫోను చూడకూడదన్నారు."

"చూడకూడదు, సరే. వినకూడదని కూడా అన్నారా? పాటకి కళ్ళెందుకమ్మా?"

"డాక్టర్లు చెప్పింది చెయ్యాలిగా."

"చెయ్యాలి, చెయ్యాలి. టైలరు?"

"కూతురి దగ్గరికెళ్ళాడు."

"ఇంకా అక్కడేనా? మావగారు వస్తే అల్లుడు ముందు తిరుగు బస్సు టైము చెబుతాడని టైలరే నవ్వేవాడు. అల్లుడు మారాడన్నమాట. మంచిదే. తోటపని చేసే మొగుడూ పెళ్ళాం?"

"వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ లేదు."

"ఆ ఊరి టవరు ఇనుమంతా నా లారీలోనే దిగిందమ్మా. గట్టి ఇనుము."

"ఇనుముంటే చాలదు బాబాయ్, ఏదో రిపేరంట."

"ఊఁ. రిపేరంటే రిపేరే. మరి నర్సమ్మ?"

"అది కూడా చెప్పాను. బాత్రూంలో జారిపడ్డారని. తుంటి ఎముక విరిగింది. మంచం దిగడం లేదు."

"పాపం, ఒంటరి మనిషి."

"అవును. పాడదామా?"

"పాడదాం. ఇంకేం చేస్తాం? నువ్వు అందుకో."

"గాలీ గాలీ, గడప దాటి రా..."

"ఇంటి మనిషివై ఒక్క పూట రా! కూర్చోమంటే కూర్చుందువు, పొమ్మంటే..."

"బాబాయ్, బాబాయ్, అది నా వంతు."

"అయ్యో. ఆగలేదు కదూ? ఎత్తు దిగేటప్పుడు లోడు బండి ఆగదమ్మా, నా గొంతూ అంతే. గట్టిగా కూడా పాడానా?"

"లేదు లేదు."

"నిజం చెప్పు."

"కొంచెం. పర్లేదు, ఇప్పుడు ఎంత గట్టిగా పాడినా పర్లేదు."

"ఇప్పుడంటే?"

"అదే... ఇద్దరమేగా."

"ఇద్దరమే. నలుగురుంటే పర్లేదనవన్నమాట."

"నేనలా అన్లేదు."

"అన్లేదులే. గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకోకు. రెండో చరణం ఎత్తు."

"మీరే ఎత్తండి. ఇవాళంతా మీదే."

"సోమవారం బస్సెక్కానమ్మా."

"ఏంటి?"

"పాట కాదు, మాట. సోమవారం పొద్దున బస్సెక్కాను."

"ఎక్కడికి?"

"నర్సమ్మని చూడ్డానికి."

"ఎక్కడికీ?"

"చెప్పానుగా. కుడి చెవి నీక్కూడా పోయిందా ఏంటి?"

"అంత దూరం ఎందుకెళ్ళారు బాబాయ్? మీకసలే మోకాళ్ళ నొప్పులు. నాకో మాట చెప్పుంటే..."

"చెబితే?"

"చెబితే... నేను ఫోన్ చేసి కనుక్కునేదాన్నిగా."

"ఫోన్లో కనుక్కోవడం వేరు, మనిషి వెళ్ళడం వేరు. మీ పిన్ని మంచాన పడ్డప్పుడు అందరూ ఫోన్లోనే కనుక్కున్నారు. ఆ గుమ్మం వైపు అది ఎట్లా చూసేదో నాకు తెలుసు."

"వెళ్ళారా? ఇంటిదాకా వెళ్ళారా?"

"యాపిల్ పళ్ళు కొన్నాను. బస్సువాడు మలుపు దగ్గర దించేశాడు. అక్కణ్ణుంచి నడక. కూర్చుంటూ, లేస్తూ. నా బండి ఉన్న రోజుల్లో ఆ రోడ్డు నిద్రలో కూడా దాటేసేవాణ్ణి. గేటు దగ్గర నిలబడి ఏమనాలో నోట్లోనే అనుకుని చూసుకున్నాను. 'ఎలా ఉన్నారు నర్సమ్మా, మీరు లేక క్లాసు చప్పగా ఉంది' అందామని."

"ఆవిడ పడుకుని ఉంటారు బాబాయ్. డాక్టరు ఎవర్నీ కలవొద్దని..."

"పడుకోలేదు. పాట వినిపించింది."

"రేడియో పెట్టుకుని ఉంటారు."

"రేడియోలో నువ్వు పాడుతున్నావామ్మా?"

"బాబాయ్, మీ వీడియో ఆగిపోయింది. ఇక్కడ నెట్ సరిగా లేదు, నేను మళ్ళీ..."

"నాకు నువ్వు కదుల్తూనే కనిపిస్తున్నావు. కళ్ళు తుడుచుకోవడం కూడా కనిపిస్తోంది. కట్ చెయ్యకు."

"చెయ్యను."

"ఉన్నది ఒక్క చెవే గానీ దొంగ చెవి కాదది. ఆవిడ ఫోన్లోంచి వచ్చే హెడ్మాస్టరు గారి దగ్గు పట్టింది. 'ఏమండీ, మన చరణం వచ్చింది' అని తోటామె మొగుణ్ణి కేకేస్తే అదీ పట్టింది. టైలరు జోకేశాడు, అందరూ నవ్వారు. నర్సమ్మ కూడా నవ్వింది. తుంటి విరిగిన నవ్వు కాదది."

"బాబాయ్..."

"ఒక్కొక్కళ్ళూ ఒక్కో చరణం. ఎవరూ ఎవరి మీదా పడకుండా. కొత్త టైరు తారు రోడ్డు మీద పోయినట్టు పోతోంది పాట. అంత బాగా పాడడం నేనెప్పుడూ విన్లేదు. నేనుంటే ఎట్లా వింటాను?"

"మిమ్మల్ని చూశారా వాళ్ళు? ఆవిడ చూశారా?"

"నన్నెవరు చూస్తారులే."

"పోనీలెండి. పోనీలెండి... క్షమించండి బాబాయ్. నేను కావాలని చెయ్యలేదు."

"అబద్ధం అతికినట్టుండాలంటారు. నువ్వు చిల్లుకో అతుకు వేశావు. కన్ను, తుంటి, అల్లుడు, టవరు. ఒక్కటి సరిపోయేదిగా. 'వాళ్ళకి నువ్వొద్దు' అంటే సరిపోయేది."

"ఆ మాట ఎలా అంటాను?"

"నోటితోనే."

"మానేస్తామన్నారు బాబాయ్. అందరూ. మీ వంతు అయ్యాక మీరు ఆగరు. వాళ్ళ చరణాలు కూడా మీరే పాడేస్తారు. పాటకీ పాటకీ మధ్య లారీ కథ మొదలుపెడితే క్లాసు అయిపోతుంది. మ్యూట్ చేస్తే మీరు మళ్ళీ తీసేస్తారు."

"మ్యూట్ చేస్తే నేనొక్కణ్ణే పాడుకున్నట్టుంటుందమ్మా. ఒక్కణ్ణే పాడుకోవడానికి ఫోనెందుకు? ఇల్లు చాలు."

"నాకు తెలుసు. వాళ్ళకి చెప్పాను. కానీ వాళ్ళూ ఒంటరివాళ్ళే కదా బాబాయ్. వారమంతా ఆ ఒక్క గంట కోసం కూర్చుంటారు. ఆ గంట కూడా పాడైపోతోందంటే నేనేం చెయ్యను?"

"నేనే పాడుచేశాను. అనెయ్."

"అలా కాదు..."

"అలాగే. పర్లేదు. నలభై ఏళ్ళు హారన్ కొట్టి బతికిన నోరిది. మెల్లగా మోగడం చేతకాదు. మరి ఈ గురువారం క్లాసు? ఇదీ సోమవారం దానిలాగే నీకు జీతమిచ్చే ఆఫీసు వాళ్ళు పెట్టిందేనా?"

"కాదు. నేనే పెట్టాను. నా టైములో."

"అంటే జాలి క్లాసు."

"జాలి కాదు బాబాయ్. ముందు మా నాన్నకి చెప్పాను, ఇలా ఒకాయన ఉన్నారని. ఆయనే అన్నారు, విడిగా ఓ గంట పాడించమని..."

"జాలే అమ్మా. జాలి మంచిదే, దాన్ని తిట్టుకోకు. నేను గురువారం కోసమే గడ్డం గీసుకుంటాను. మిగతా రోజులు ఎవరికోసం గీసుకోవాలి? ఒక్కోరోజు సాయంత్రం గేటు దగ్గరికెళ్ళి దారినపోయే వాణ్ణి టైమెంతయిందని అడుగుతాను. చేతికి గడియారం పెట్టుకునే అడుగుతాను. నా గొంతు ఇంకా ఉందా లేదా అని చూసుకోవడానికి."

"అందుకే నేను..."

"ఒకటి అడగనా?"

"అడగండి."

"నేను పాడను. నోరు కూడా తెరవను. ఆ మ్యూట్ ఉంటుందే, దాని మీద టేపు అంటించేస్తాను. లారీ మాటెత్తను. సోమవారం ఊరికే ఒక మూల కూర్చుని వింటాను. అడిగి చూడు."

"అడిగి చూస్తాను."

"ఎప్పుడో అడిగుంటావు నువ్వు. అడిగావా?"

"అడిగాను."

"ఏమన్నారు?"

"వదిలెయ్యండి బాబాయ్."

"చెప్పు. లోడు దించేటప్పుడు ఒక మూట మిగుల్చుకుంటే బండికేం సుఖం?"

"మీరు కనిపిస్తే చాలు, పాట రాదంటున్నారు. ఎప్పుడు నోరు తెరుస్తారో అని అటే చూస్తూ కూర్చోవాల్సి వస్తుందన్నారు."

"ఊఁ."

"బాబాయ్?"

"ఉన్నాను. ఎక్కడికి పోతాను?"

"ఏదో ఒకటి అనండి. తిట్టండి పోనీ."

"నిన్నా? నా కోసం గంట ఖర్చుపెట్టే మనిషివి నువ్వొక్కదానివే ఉన్నావు. నిన్ను కూడా తిట్టుకుంటే ఇంక గోడని తిట్టుకోవాలి. అది కూడా ఈమధ్య పలకడం లేదు, పెచ్చులూడిపోతోంది."

"నవ్వించకండి."

"ఒక మాట వినమ్మా. గురువారాలు ఇంక వద్దు."

"ఎందుకు?"

"నీకూ ఇల్లూ వాకిలీ ఉంటాయి. ఇద్దరు కలిసి పాడితే బృందగానమంటారా ఎవరైనా? రోగికి పక్కన కూర్చుని అన్నం తినిపించినట్టుంది. తినేవాడికీ సిగ్గే."

"అలా అనకండి. మీరు మానేస్తే నేను ఒప్పుకోను."

"ఒప్పుకోకపోతే వచ్చి కట్టేస్తావా?"

"వస్తాను. నిజంగా వస్తాను. సెలవు దొరగ్గానే వస్తాను."

"రాలేవు. నువ్వు ఫోన్లో మనిషివి. ఇక్కడిదాకా బస్సు కూడా తిన్నగా రాదు."

"బాబాయ్, అందరూ ఒకటి కాదు. వాళ్ళందరిలో ఒక్కరు మాత్రం ఒప్పుకోలేదు."

"ఎవరు?"

"నర్సమ్మ."

"నర్సమ్మా?"

"అవును. హెడ్మాస్టరు గారు మిమ్మల్ని తీసేద్దామన్నప్పుడు ఆవిడొక్కరే అడ్డుపడ్డారు. 'అంత మనసున్న మనిషిని ఎలా వదిలేస్తాం? ఆయన్ని తీసేస్తే నేనూ రాను' అన్నారు. ఏడ్చారు కూడా."

"ఏడ్చిందా?"

"ఏడ్చారు. మిగతావాళ్ళు నోరు మూయించారు గానీ ఆవిడ మనసు మీ మీదే ఉంది. ఎలా ఉన్నారో, తింటున్నారో లేదో అని నన్ను అడుగుతూనే ఉంటారు. అంత దూరం వెళ్ళినవాళ్ళు తలుపు తట్టి ఉండాల్సింది బాబాయ్. ఇంకోసారి వెళ్ళండి. మిమ్మల్ని చూస్తే ఎంత సంతోషించేవారో!"

"లేదమ్మా. గేటు తీసుకుని వెళ్ళి కిటికీ ఊచల్లోంచి పళ్ళ సంచీ పైకెత్తి చూపించాను. పాడుతూనే లేచి వచ్చింది, నా మొహంలోకి చూసింది, కిటికీ రెక్కలు మూసేసింది."