తామ్రసింకోపాఖ్యానం

చింతామణి ఊరి పెద్ద బీదిలో మునికృష్ణప్ప పాత్రల అంగడి. బల్లమీద రెండు రాగి సింకులు పక్కపక్కన ఉన్నాయి. బాగేపల్లి నుంచి పొద్దుటి బస్సులో వచ్చిన ఆంజనేయప్ప మేష్ట్రు వాటిముందు నిలబడ్డాడు. ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ ముక్కాలిపీట మీద కూర్చుంది. మునికృష్ణప్ప ఒకప్పుడు ఆ మేష్ట్రు చేతి బెత్తం కింద చదువుకున్నవాడే.

"కాబట్టి మునికృష్ణప్పా, మానవజాతికి నాగరికత అబ్బినది నిప్పును కనుగొన్ననాడు కాదు, బండిచక్రం తిప్పిననాడు కాదు, ఎంగిలి గిన్నెను గొంతుక్కూర్చుని కాక, నిలబడి తోమిననాడు."

"అట్లనే మేష్ట్రప్పా. ఏ సింకు కట్టమంటారు?"

"తొందరపడకు. నీ తొందరే ఆనాడు నిన్ను లెక్కల్లో ముంచింది."

"ఆ లెక్కల్తోనే కదా మేష్ట్రప్పా, ఈపొద్దు అంగడి నడుపుతాండేది."

"నా విచారం కూడా అదే."

"ఆయప్పకు యాపారముండాది, మనకు మళ్ళ బస్సుండాది. నాగరికత సంగతి బస్సులో చెప్పుకుందాము. ముందర సింకు చూడండి."

"సుబ్బలక్ష్మీ, ఇదంతా నీ మోకాళ్ళ నిమిత్తమే. చిక్కబళ్ళాపురం డాక్టరు ఏమన్నాడు? వంగరాదు, గొంతుక్కూర్చోరాదు, దొడ్లో గిన్నెలు తోమే రాయి దగ్గరకు పోరాదు అన్నాడా, లేదా?"

"అన్నాడు. రాగి సింకు కొనమని అనలేదు. సిమెంటు గట్టు ఒకటి కట్టుకుంటే చాలన్నాడు."

"వైద్యుడు రోగాన్ని చూస్తాడు, గృహస్థు ధర్మాన్ని చూస్తాడు. సిమెంటు మీద ఇత్తడి గిన్నె పడితే సొట్ట, కంచు గిన్నె పడితే బీట. రాగి మెత్తన. జారిన గిన్నెను తల్లి ఒడివలె పట్టుకుంటుంది."

"జారేది ఎవురి చేతిలోనుంచో."

"ఏమన్నావు?"

"ఏమీ లేదు. రాగి మెత్తన అంటాండారు, వింటాండా."

"మేష్ట్రప్పా, ఇట్ల చూడండి. ఇది పాతది. నంది కొండ మీద దొరల బంగళాలో ఉండింది. దొరలు పోయినాక వేలంలో మా నాయన పట్టినాడు. మందం చూడండి. ఏలు మడిచి కొట్టండి."

"ఖంగుమన్నది. గంభీరం. సభాధ్యక్షుడు గొంతు సవరించుకున్నట్టున్నది. రెండవది?"

"ఇది కొత్తది. దాన్ని చూసే మా కంచరి వెంకటరమణప్ప చేసినాడు. లోపల కళాయి గూడా పూసినాడు. మీ మొగం కనబడతాది, వంగి చూడండి."

"కనబడుతున్నది. కొంచెం వెడల్పుగా కనబడుతున్నది. ధ్వని చూతాం. టింగుమన్నది. దీనిలో గాంభీర్యం తక్కువ, ఉత్సాహం ఎక్కువ. ఇప్పుడు వస్తున్న ఉపాధ్యాయుల వంటిది."

"గిన్నెలు తోమేదానికి శ్రుతి ఏమిటికంట?"

"ధ్వని లోహానికి వాక్కు, సుబ్బలక్ష్మీ. వాక్కును బట్టి కులశీలాలు తెలుస్తాయి."

"మేష్ట్రప్పా, ఇంగొక మాట చెప్పాల. మీరు నా గురువులు, మీ దగ్గర దాచిపెడితే నాకు మంచి కాదు. పాతదానికి అడుగున బొక్కుండాది."

"బొక్కా?"

"పెద్దదే. బొటనవేలు దూరతాది. దొరలు వాడి వాడి అరిగిపోయినట్టుండాది. అందుకే దాన్ని చౌకగా ఇస్తాండా. కొత్తదానికి ఆ లోపం లేదు. వెంకటరమణప్ప చేతినుంచి ఓటి పాత్ర అంగడి దాటదు. నిండా నీళ్ళు పోసి రాత్రంతా పెట్టినాము. చుక్క కారలేదు."

"శభాష్. పనితనమంటే అది. చూచితివా సుబ్బలక్ష్మీ, ఆంగ్లేయుడు ఇన్నేళ్ళు ఓటి పాత్రలో గిన్నెలు తోముకున్నాడు. సామ్రాజ్యం నిలుస్తుందా? మునికృష్ణప్పా, కొత్తదే కట్టించు."

"రేయ్, సుతిలి తాడు తెండ్రా..."

"ఉండప్పా, ఒక మాట. తోమిన నీళ్ళు యాడికి పోతాయి?"

"సింకులోనికి."

"సింకులోనుంచి?"

"సింకులోనుంచి... మునికృష్ణప్పా, సమాధానం చెప్పు. ప్రశ్న నీ వస్తువును గూర్చి."

"ముంచి పోసేదే అమ్మా, చెంబుతో. లేదంటే బోర్లించేది."

"గోడకు బిగించినదాన్ని బోర్లించేదెట్ల?"

"గోడను... లేదులేమ్మా. చెంబే మేలు."

"ఎంగిలి నీళ్ళు ముంచిన చెంబు. దాన్ని యాడ తోమేది?"

"సింకులో."

"మళ్ళ నీళ్ళు."

"మళ్ళ నీళ్ళే అమ్మా."

"మళ్ళ చెంబు."

"ఆగండి. దీనికి ఆద్యంతాలు కనిపించవు. చర్చ వేదాంతం వైపు నడుస్తున్నది."

"వేదాంతం వైపు కాదు, నడుమునొప్పి వైపు నడుస్తాండాది. ఆ దొరలు తెలివిలేకుండా బొక్క పెట్టుకుంటారా? నీళ్ళు పోయేదానికే పెట్టినారు."

"నేనూ అదే అనబోతున్నాను. మునికృష్ణప్పా, ఆలోచించి చూడగా ఆ రంధ్రం లోపం కాదు. పరమార్థంలో ఆ రంధ్రమే సింకు. తక్కిన రాగి అంతా దానికి అంచు మాత్రమే."

"అట్లయితే మేష్ట్రప్పా, పాతది చౌక కాదు."

"అదేమి?"

"బొక్కుండాది కదా."

"బొక్క ఉన్నది కాబట్టే చౌక అని ఇప్పుడే అంటివి."

"అప్పుడది ఓటి పాత్ర. ఇప్పుడు మీరే అంటిరి, అదే సింకని."

"నా వ్యాఖ్యానానికి నేనే వెల చెల్లించాలా?"

"సదువు చెప్పినోరు మీరే మేష్ట్రప్పా."

"సరే. కొత్తదానికి ఒక రంధ్రం వేయించి ఇయ్యి."

"ఏయించొచ్చు. దానికి కూలి వేరే."

"కూలి ఎందుకు? రాగి తగ్గుతుంది. తూకంలో ఆ మేరకు తీసివేయాలి న్యాయంగా."

"తీసేసేదానికే కూలి."

"అంటే, లేనిదాన్ని చేసినందుకు?"

"ఉన్నదాన్ని లేకుండా చేసినందుకు. ఆ పనైనా వెంకటరమణప్ప ఒప్పుకుంటేనే. తన చేత్తో చేసిన పాత్రకు తానే బొక్క కొట్టల్లంటే ఆయప్ప ఆ దినం అన్నం ముట్టడు. పోయినేడు ఒకరు గంగాళానికి కొళాయి పెట్టమంటే గోడకు తిరుక్కొని కూర్చున్నాడు."

"ఆ మహానుభావుని నోటికాడి అన్నం తీయరాదు. పాతదే కట్టించు. బిరడా ఉన్నదా?"

"ఉండాది. దానికి గొలుసుండె గానీ, మా ఇంట్లో దూడ మెడకు కట్టినాము."

"పోనీ. బంధనాలు లేని బిరడా అనుకుందాం."

"అవును గానీ, రాగి కదా. నల్లబడతాది, చిలుము పడతాది. గిన్నెలు తోమేదానికి సింకు. సింకును తోమేదానికి ఇంగొకటి కొంటారా?"

"అజ్ఞానం. రాగికి పులుపే గంగ. చింతపండు పిప్పి, చిటికెడు ఉప్పు. ముందు పీచుతో గుండ్రంగా, పిదప గుడ్డతో నిలువుగా. సంగటి బానకు మాత్రం ఈ విధి చెల్లదు. అడుగంటిన పిండిని నానబెట్టవలె. గోకరాదు. గోకితే గోళ్ళలో చేరి భోజనవేళ దాకా వదలదు. నానిన తరువాత అరచేతి అడుగుతో ఒత్తుతూ తీస్తే పొరగా, దోసెవలె, దానంతట అదే..."

"మేష్ట్రప్పా."

"ఏమి?"

"ఇవన్నీ మీకెట్ల తెలుసు?"

"పరిశీలన. విద్వాంసుడైనవాడు దేనినీ చూడక వదలరాదు."

"అమ్మా, మీరు పెట్టి పుట్టినారు. పెండ్లాము గిన్నెలు తోముతాంటే అట్ల తిరిగి చూసే మగోడు ఈ చుట్టుపక్కల తాలూకాల్లో లేడు."

"చూస్తారప్పా. శానా దగ్గరనుంచి చూస్తారు."

"సుబ్బలక్ష్మీ, బస్సు వేళయింది అంటివి."

"లేదు, ఇంగా టైముండాది."

"మేష్ట్రప్పా, యాడ పెడతాండారు దీన్ని? కిటికీ కింద పెడితే ఎలుతురు బాగుంటాది. దొరలు గూడా అట్లనే పెట్టుకున్నారంట."

"కిటికీ వద్దు. వంటింటి వెనుక సామాన్ల గది ఉన్నది. దానికి కిటికీ లేదు. అక్కడ, మూలగోడకు."

"అక్కడ చీకటి కదా. గిన్నె తెల్లబడిందో లేదో తెలిసేదెట్ల?"

"స్పర్శ వలన. గిన్నె తోమడం అంతర్ముఖమైన పని, మునికృష్ణప్పా. దానికి ప్రేక్షకులు పనికిరారు."

"ప్రేక్షకులు ఎవురు మేష్ట్రప్పా, గిన్నెలు తోమేదాన్ని చూసేదానికి?"

"హనుమక్క."

"ఆ ప్రస్తావన ఇక్కడ అనవసరం."

"పక్కింటి హనుమక్క, మునికృష్ణప్పా. మా దొడ్డి గోడ మోకాలెత్తే. పొద్దున్నే బియ్యం చేట తెచ్చుకొని, ఆ గోడమీద కూర్చొని, ఏరినదే ఏరతా మా దొడ్లోకి చూస్తాంటాది. ఈ మధ్య తోడుకు కెంపమ్మను గూడా పిలుచుకొస్తాండాది."

"ఇద్దరే కాదు. నిన్న మూడో చేట కూడా వచ్చింది. సభ్యత లేని మనుషులు."

"మోకాళ్ళ నొప్పితో అమ్మ పడే పాట్లు చూసి నవ్వుతారా వాళ్ళు? ఛీ. ఇప్పుడు తెలిసింది మేష్ట్రప్పా, మీరెందుకింత పట్టుగా ఉండారో."

"తెలిసిందా?"

"తెలిసింది. ఇంటి ఆడమనిషి నలుగురి ముందర నగుబాటు కాకూడదని. బస్సెక్కి ఇంత దూరం వచ్చి, రాగి సింకే కావాలంటాండారు. నేను మిమ్మల్ని ఒట్టి బెత్తం మనిషే అనుకుంటి. ఈపొద్దు నా కండ్లు తెరుచుకున్నాయి."

"ఆలస్యంగానైనా తెరుచుకున్నాయి, సంతోషం. దాంపత్యమనగా పరస్పర..."

"గొంతు తడుపుకోండి. నీళ్ళియ్యప్పా ఆయనకు."

"ఇదో. మేష్ట్రప్పా, నేను మా ఇంట్లో గూడా చెప్తా. మా అంగడికొచ్చే ఆడోళ్ళందరికీ చెప్తా. ఆంజనేయప్ప మేష్ట్రు పెండ్లాము కోసరం..."

"చెప్పనక్కరలేదు. పుణ్యం చెప్పుకుంటే తరుగుతుంది. కట్టి పంపు."

"పంపుతా. కొలత ఒకటి కావాల. గోడకు బిగించినా కింద కట్టె కాళ్ళు ఉండాల, రాగి బరువు కదా. పక్కనే వడ్రంగం చేసే రామప్ప ఉండాడు, ఇప్పుడే కోసిస్తాడు. ఎంత ఎత్తు?"

"మూడున్నర అడుగులు."

"మూడున్నరా? అమ్మకు గుండెల దాకా వస్తాది."

"అది... ప్రామాణికమైన ఎత్తు."

"ఏ ప్రమాణము మేష్ట్రప్పా? తోమే మనిషి బొడ్డుకు కొంచెం పైన ఉండాల సింకు. అమ్మా, ఒక్క గడియ లేచి నిలబడతారా? మీరే దారం పట్టుకోండి, నేను గుర్తు పెడతా."

"ఆమెను లేపవద్దు. మోకాళ్ళు. మూడున్నర అని రాసుకో."

"అమ్మకు చెయ్యి అడుగుకు అందదు మేష్ట్రప్పా."

"పీట వేసుకుంటుంది."

"మోకాళ్ళ నొప్పి మనిషి పీటెక్కేదెట్ల?"

"మునికృష్ణప్పా, నీకు లెక్కలు రావని నేను ఆనాడే చెప్పితిని. మూడున్నర అంటే మూడున్నరే. గురువు మాట."

"గురువు మాటే గానీ, రేపు అమ్మ భుజాలు పట్టుకుపోతే పాపం నాకు తగలతాది. రామప్ప గూడా నవ్వుతాడు, ఒంటెకు చేసినామా సింకు అని. నిజం చెప్పండి, అంత ఎత్తు ఏమిటికి?"

"భవిష్యత్తును ఉద్దేశించి."

"అమ్మ ఇంగ పెరగతాదా?"

"చాలు. ఆ దారం ఇట్ల తే మునికృష్ణప్పా. ఇదో, మీరు గోడకానుకొని నిటారుగా నిలబడండి. పంచె సర్దుకోనక్కరలేదు, నిలబడండి. ఈ కొస పట్టుకొని గుర్తు పెట్టప్పా. ఉగాది పోయినప్పటినుంచి మా ఇంట్లో గిన్నెలు తోముతాండేది మీ మేష్ట్రే."