మళ్ళీ పాటకి

ఏదీ, ఆ ఫోను ఇంకోసారి ఇలా పట్టమ్మాయ్, కళ్ళజోడు పెట్టుకోనీ. ఆఁ, అదే. అదే మన ఎర్ర డాడ్జి! ఎంతకి పోయిందన్నావూ? కోటీ డెబ్భై లక్షలా? ఓరి నాయనో! ఏటేటా రేటు పెరుగుతూనే ఉందా? మరే, పాత కార్లంటే డబ్బున్నవాళ్ళకి అంత పిచ్చిట. ఆ సుత్తి పట్టుకున్నాయన్ని చూడు, బల్ల మీద ఎంత దర్జాగా కొట్టాడో. మాకు సుత్తీ లేదు గిత్తీ లేదు, ఈ గొంతే. కోత పండుగ వేలంపాట ఈ శ్యాంబాబు మాస్టారు పెడుతున్నాడంటే కాలవకి అవతలి ఒడ్డువాళ్ళు కూడా వచ్చి కూచునేవారు. ఇంతకీ అంత రేటు దేనికిట? ఇంజను మీద నంబరూ, చాసిస్ మీద నంబరూ ఒకటేనా? ఉండదూ మరి! ఎవరి పుణ్యమో తెలుసా అది? మీ తాతది. ఎజ్రాది. చెబుతాను, కంగారు పడకు, టీ తాగు. ఆ ఫలకం కాయితం కూడా చూశాన్లే. ‘సర్వస్యము’ అని కొట్టించావు, ‘సర్వస్వము’ అని ఉండాలి. రాతి మీద చెక్కించేటప్పుడు కాస్త చూసుకోవాలా వద్దా? ఆదివారం చర్చి వందేళ్ళ పండుగ, ఆ ఫలకం మీద తెర నేను లాగాలి, నాలుగు ముక్కలు నేను మాట్లాడాలి, అంతేగా? నిజమే, ఆ రోజు పాట దగ్గరున్న పెద్దవాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణే. అందరూ పోయారు, నేను మాత్రం ఇలా రాయిలా ఉన్నాను.

ఆ కారు ఎలా వచ్చిందంటే, మన ఆసుపత్రి కట్టించడానికి అమెరికా నుంచి ఒక ఇంజనీరు దొరగారు వచ్చాడు. అరవై ఎనిమిదిలో. ఆయన వెనకాలే ఓడలో ఈ కారు. మద్రాసు వెళ్ళి దాన్ని తోలుకొచ్చింది ఆయన డ్రైవరు, మీ తాత. ఎనిమిది సిలిండర్లమ్మా! ధవళేశ్వరం దగ్గర స్టార్టు చేస్తే మా బళ్ళో పలకలు అదిరేవి. మా ముసలమ్మలు ‘అదిగో, ఎజ్రా బండి గుర్రుమంది, అన్నం వండండే’ అనేవారు. గేదెలు తాళ్ళు తెంపుకునేవి. పెట్రోలు మంచినీళ్ళు తాగినట్టు తాగేది. దానికో తిరకాసు ఉంది. అమెరికా కారు కదా, స్టీరింగు ఎడం పక్కన. ముందు ఎడ్లబండి వెళ్తుంటే ఎదురుగా ఏం వస్తోందో ఎజ్రాకి కనపడేది కాదు. కుడిపక్క కూచున్నవాడు తల బయట పెట్టి చూసి ‘ఖాళీయే, పోనీ’ అనాలి. అప్పుడే తప్పించేవాడు. అలా చెప్పే ఉద్యోగం నాది. జీతం లేదు, గొప్పే. రాజమండ్రి వెళ్ళాలంటే నేను ముందు సీట్లో, పిల్ల జమీందారులాగ. నేను పోనీ అంటే పోనిచ్చేవాడంతే. మళ్ళీ తనోసారి వంగి చూసుకోవటం, అలాంటివేం లేవు. ఒక్కసారి కూడా. నాకంటే పన్నెండేళ్ళు పెద్దాయన. నేను ‘ఏం ఎజ్రా’ అనేవాణ్ణి, ఆయన నన్ను ‘మాస్టారండీ’ అనేవాడు. అప్పట్లో అలాగే ఉండేది అని నువ్వు సరిపెట్టుకోవచ్చు. నాకు మాత్రం సిగ్గేస్తుంది. మీ నాన్న పుట్టింది కూడా ఆ కారు వెనక సీట్లోనే, తెలుసా? ఆసుపత్రికి ఇంకా రెండు మైళ్ళుండగానే. మీ నాయనమ్మ తబితక్క అరుపులకి నేను చెవులు మూసుకుని ‘పోనీ, పోనీ’ అంటూ ఉన్నాను, ఎదర లారీ ఉన్నా సరే! ఆ ఒక్కసారీ దేవుడే తప్పించాడు.

ఏంటీ? ఆఁ, అక్కడికే వస్తున్నాను. డెబ్భై నాలుగులో దొరగారు వెళ్ళిపోతూ కారుని చర్చికి ఇచ్చేశాడు. పెట్రోలు రేటు మండిపోతున్న రోజులు. ఏనుగుని తోలుకొచ్చి పెరట్లో కట్టినట్టయింది మాకు. చర్చి పెద్దలందరూ కూచుని, కోత పండుగలో పాట పెట్టేద్దాం అన్నారు. ఇప్పుడు మీరు ఫోన్లలో డబ్బు పంపించి పండుగ అయిందనిపిస్తున్నారు గానీ, అప్పుడు చూడాలమ్మా. గుమ్మడికాయలు, అరటిగెలలు, పెట్టలు, సున్నుండలు, ఎవరికి పండింది వాళ్ళు మోసుకొచ్చి బలిపీఠం ముందు పెట్టేవారు. ఆరాధన అయ్యాక వేలం. రూపాయి కాయ ఇరవై దాకా ఎక్కేది. ఎందుకంటే పాడుకున్నవాడు అది ఇంటికి పట్టుకెళ్ళడుగా! డబ్బు బల్ల మీద పెట్టి, ‘మళ్ళీ పాటకి’ అంటాడు. అంటే కాయ దేవుడికే తిరిగిచ్చేసినట్టు. డబ్బూ దేవుడిదే, కాయా దేవుడిదే. అందరూ చప్పట్లు. మళ్ళీ పాట. ఒక్క గుమ్మడికాయ నాలుగు చేతులు మారేది. ఒక ఏడు ఒక పుంజుని ఆరుసార్లు పాడించాను, ఏడోసారికి అది నా చెయ్యి పొడిచింది. బాగా నవ్వుకున్నాం. ఒక్కోడు సిగ్గుపడి చెప్పకపోతే నేనే వాడి తరఫున ‘మళ్ళీ పాటకి ఇచ్చేశాడండోయ్’ అని అరిచేవాణ్ణి. పెట్ట కూరకి ఆశపడ్డవాడు కూడా నవ్వి ఊరుకునేవాడు. ఆ మాట వినపడ్డాక కాదనటం మన దగ్గర లేదు.

ఆ రోజు కారు గుమ్మంలో నిలబెట్టాం. బానెట్టు మీద బంతిపూల దండ. నేను గొంతు సవరించుకుని అయిదు వందల దగ్గర మొదలెట్టాను. మిల్లు చంద్రరావు గారు ముందు వరసలో కూచున్నారు. ఆయన మన మతం కాదు గానీ ప్రతి పండుక్కీ వచ్చి నాలుగు కాయలు పాడి వెళ్ళేవారు. ఆరు వందలన్నారు. వెనకాల మూల నుంచి, ఏడు వందలు. ఎవరా అని చూస్తే ఎజ్రా! జనం నవ్వారు. ‘ఎజ్రా, పెట్రోలు పోస్తావా, గంజి పోస్తావా’ అన్నాడొకడు. మీ తాత నవ్వలేదు. టాక్సీ నడుపుదామనుకున్నాడమ్మా. పురిటి కేసులకి, పెళ్ళిళ్ళకి. తబితక్కది నరసాపురం కదా, ఆరేళ్ళు లేసు అల్లి దాచింది, దానికి ఈయన జీతంలో మిగిలింది కలిపారు. పాట అలా అలా ఎక్కి రెండు వేల ఎనిమిది వందల దగ్గర ఆగింది. చంద్రరావు గారు తల అడ్డంగా ఊపేశారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. ఎజ్రాదే. నడుచుకుంటూ వచ్చాడు. లేసు గుడ్డలో కట్టిన మూట బల్ల మీద పెట్టాడు. తాళం నా చేతిలో ఉంది. చెయ్యి చాపి నా మొహంలోకి చూశాడు. కారులో చూసేవాడు చూడు, నేను ఖాళీయే అంటానా లేదా అని, అచ్చం అలాగే. అప్పుడన్నాను. ‘ఎజ్రా మళ్ళీ పాటకి ఇచ్చేశాడండోయ్!’ అని.

చర్చి అదిరిపోయింది. చప్పట్లు, హల్లెలూయాలు. పాస్టరు అయ్యగారైతే కళ్ళు తుడుచుకుంటూ వచ్చి మీ తాతని కావలించుకున్నారు. మీ తాత నోరు తెరిచాడు. నేను చూశాను. అలవాటు మీద వచ్చేసింది మాట అని నలభై ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. అలవాటు సగమే. మిగతా సగం ఏంటంటే, ఆయన తాళానికి చెయ్యి చాపినప్పుడు నాకు కడుపులో మండింది. మాస్టారు సైకిలు తొక్కుతుంటే డ్రైవరు డాడ్జిలో తిరుగుతాడా అని. రేపు నేను రాజమండ్రి వెళ్ళాలంటే ఎజ్రాని బతిమాలుకోవాలా అని. అంతే. ఇంత బతుకూ బతికి, ఇంత పిసరు బుద్ధి. పోనీ ఆపడానికి టైము లేదా? బోలెడుంది! మళ్ళీ పాట పెట్టాను కదా. చంద్రరావు గారు పద్దెనిమిది వందలన్నారు, ఎదురు పాడినవాడు లేడు. పాడటానికి మీ తాత దగ్గర ఇంకేముంది? ఒకటోసారి అన్నాను. రెండోసారి అన్నాను. మీ తాత నా పక్కనే నుంచుని ఉన్నాడు. మూడోసారి కూడా అన్నాను. తాళం చంద్రరావు గారికిచ్చాను. డబ్బు పోయింది, కారు పోయింది. ‘బైబిల్లో ఉన్నదంతా కానుక వేసేసిన విధవరాలి రెండు కాసులంటే ఇవే’ అని ప్రార్థనలో అయ్యగారన్నారు. అప్పట్నించి ప్రతి కోత పండుక్కీ అదే ప్రసంగం. ముందు వరసలో కూచుని తలాడించేవాణ్ణి నేను.

ఆగు, మధ్యలో మాట్లాడకు తల్లీ, ఇప్పుడు ఆగితే మళ్ళీ చెప్పలేను. ఆ మర్నాడు బడి దగ్గరికొచ్చాడు. పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. గుమ్మం బయటే నుంచుని, తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకుని, ‘మాస్టారండీ, నేను ఆ మాట అన్నానాండీ?’ అని అడిగాడు. కోపంగా కాదమ్మా. నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు. తబిత రాత్రి నుంచీ ఏడుస్తోందండీ, నేననలేదంటే నమ్మటం లేదు, మీరు దగ్గరున్నారు కదండీ అన్నాడు. ఒక్క ముక్క చెబితే పోయేది. చంద్రరావు గారు మంచాయన, కారు తిరిగిచ్చేసేవారు. నేనేమన్నానో తెలుసా? ‘అన్నావు ఎజ్రా. అందరూ విన్నారు.’ అన్నాను. తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. ‘అయితే అనే ఉంటానులెండి’ అని వెళ్ళిపోయాడు. నా కళ్ళతో రోడ్డు చూసినవాడు, తన నోటి మాట కూడా నన్నే అడిగాడు.

ఆ తరవాత ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక మిల్లుకెళ్ళేవాడు. చంద్రరావు గారు ఆ ఇంజను పీకించేసి డీజిలుది పెట్టిస్తానంటే కాళ్ళావేళ్ళా పడి ఆపించాడు. అప్పుడు ఇక్కడ పెట్రోలు కార్లన్నింటికీ అదే గతి పట్టింది, ఇదొక్కటే సొంత ఇంజనుతో మిగిలింది. ఊక షెడ్డులో పెట్టినా ఆయనే వెళ్ళి చేత్తో తిప్పి, నూనె పోసి, ఎలకలు దూరకుండా గొట్టాలకి గుడ్డలు కుక్కి వచ్చేవాడు. కోటీ డెబ్భై అంటున్నావే, అదంతా ఆ ఆదివారాలే. తొంభై ఆరు తుఫానుకి ముందు ఏడు పోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆటోలో. చూడ్డానికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను, నీ మీద ఒట్టు. ‘మాస్టారండీ, సైకిలు మీద వచ్చారా ఎండలో’ అన్నాడు. రెండు బత్తాయిలు పెట్టి వచ్చేశాను.

ఆ కాయితం ఇలా తే. ‘సర్వస్వము వెచ్చించి పాడుకున్న కారును దేవునికి తిరిగిచ్చిన డ్రైవరు ఎజ్రా గారి జ్ఞాపకార్థము.’ ఇదిగో, ఇక్కడ. అక్షరం తప్పు దిద్దుకోవచ్చు. ఈ ‘తిరిగిచ్చిన’ ఉందే, దీన్ని కొట్టెయ్యి. ఏం రాయాలో ఆదివారం అందరి ముందూ నేనే చెబుతాను, రాళ్ళేస్తే వేస్తారు. ఏంటమ్మా అలా చూస్తావు? ఏదో ఒకటి అను. తిట్టు, పోనీ. లేకపోతే ఆయన అడిగినట్టు అడుగు ఓసారి, ‘మా తాత ఆ మాట అన్నాడా మాస్టారూ’ అని. అడగవేం తల్లీ?

అనలేదమ్మా. మీ తాత ఆ మాట అనలేదు.

టీ చల్లారిపోయింది. ప్రసన్నా! అమ్మాయికి ఇంకో గ్లాసు పట్టుకురా.