పదకొండు డబ్బాల పేర్లు

పిల్లలూ, ఇది మీరు చదువులకు వెళ్ళిపోయాక జరిగింది, విని ఉండరు.

బేతంచెర్ల స్టేషన్ ఎదుట పీరమ్మ టీ అంగట్లో బండల ఫ్యాక్టరీ ఓబుళేశు కూర్చున్నాడు. పక్కన నబీ సాహెబ్. ఒకప్పుడు అదే ఫ్యాక్టరీలో బండల అంచులు నున్నగా తీసినవాడు. ఎదురుగా కొత్త ఇంజినీరు తనూజ, ఒళ్ళో ల్యాప్‌టాప్. తెర మీద ఒక్కో పనికి ఒక్కో డబ్బా బొమ్మ. గీతలతో కలిపితే మిషన్ ఆ వరసలో పని చేసుకుపోతుంది. ఒకసారి చేసిన డబ్బాను ఎన్ని బండలకైనా వాడుకోవచ్చు. సోమవారం నుంచి వాటి పేర్లు తీసేసి నంబర్లు పెట్టమని యజమాని చెప్పాడు. ఆ మాట విన్నప్పటినుంచి ఓబుళేశుకు ముద్ద దిగడం లేదు.

"ఆ పేర్లు పెట్టింది నేనే పాపా. మిషన్ కంపెనీవాళ్ళు ఏందో ఇంగ్లీషులో రాసిచ్చిండిరి. అంచు తీసేదానికి నబీ అని పెట్టినా, ఎత్తేదానికి మారెన్న, కోసేదానికి ఏసేపు. ముందు ఆ పని చేతుల్తో చేసినోళ్ళ పేర్లే. మళ్ళా మూడు కుప్పలు చేసినా: నీళ్ళు తాగేటోళ్ళు, దుమ్ము లేపేటోళ్ళు, బరువు మోసేటోళ్ళు. కండ్లు మూసుకొని ఎతికినా దొరుకుతాయి."

"బాగానే ఉండాది మామా," అంది తనూజ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ సాయిబు పని మానేసినాడని ఆఫీసాయన పనోళ్ళ లిస్టులో పేరు కొట్టేసి, ఈడ డబ్బా గూడా తీసేసినాడు. తెల్లారి చూస్తే లారీడు బండలు, ఒక్కదానికీ అంచు తీయలేదు, అన్నీ కత్తులే. నేను పోయి డబ్బా మళ్ళా పెట్టినా. దానికి రోసమొచ్చి అంచు ఎంత నున్నగా తీసిందంటే, వాలిన ఈగ జారి రాయచోటిలో పడింది."

"రెక్కలుంటాయి కదప్పా దానికి," అన్నాడు నబీ సాహెబ్.

"రెక్కలు ఇప్పేలోగా రాయచోటి వచ్చె. అట్ల పెట్టి పెట్టి మూడువేల పేర్లయినాయి పాపా. మారెన్నా అని పిలిస్తే బండలే లేసి లారీ ఎక్కేవి. ఒంటిమిట్ట తిరునాళ్ళకయితే ఆర్డరు రాకముందే నడిచిపోయి గుడి ముందర వరసగా పండుకున్నాయి. చెప్పులు బయటే ఇడిచినాయి గూడా."

తనూజ ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పింది. "మూడువేలు యాడివి మామా, పదకొండే ఉండాయి. వాటిల్లో నీ పేరేదీ?"

ఓబుళేశు ఖాళీ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు.

"నేను రాయి పట్టింది యాడమ్మా. పొద్దున్నే గేటుకాడ నిలబడి హాజరు పిలిచేవాణ్ణి. ఇరవై ఏండ్లు ఆ పదకొండు పేర్లే పిలిచినా. మిషన్లొచ్చినాక పిలిచేదానికి ఎవరూ లేకపోతిరి."

నబీ సాహెబ్ తన గ్లాసులోని టీ సగం అతని గ్లాసులో పోశాడు.

సోమవారం తనూజ ప్రతి డబ్బాకూ నంబరు వేసింది. నంబరు పక్కన పేరు ఉంచేసింది. నేను వెళ్ళి చూసే రాస్తున్నాను.

మీ పిల్లలకు ఇది చెప్పండి. ఈగ ఎంత దూరం జారిందన్నది మీ ఇష్టం. డబ్బాలు మాత్రం పదకొండే అనండి, మనుషుల్ని పేరు పెట్టి చెప్పండి.