మేక తుమ్మితే మామ కూసునెటోడు

"పెద్దమ్మా, మా మేక ఒకటే తుమ్ముతుంది. ముక్కుల పురుగులున్నయంటున్రు. అప్పట్ల మీరేం చేస్తుంటిరి?"

ఆఁ సురేషా, ఇన్న నీ మాట. జర పెద్దగ చెప్త, మొత్తం ఇను. గది ఈగ పని బిడ్డా. మేక ముక్కుల సన్న సన్న పురుగులు ఇడ్సి పోతది, అవి లోపట్నే పెరుగుతయి.

మాకొక నల్ల మేక ఉండె. నేను కొత్తగ కాపురానికొచ్చిన... కాదు కాదు, అప్పటికే మీ అన్న మల్లేశ్ పుట్టిండు. నాకేమో పాలు పడలే. వాడు ఆ మేక పాల మీదనే బతుకుతుండె. అది చీమిడి కార్చుకుంట మ్యాత ముట్టకపాయె, పాలు ఎండవట్టె.

జహీరాబాద్ పశువుల దవాఖానకు తీస్కపోదామన్న. మా మామ తాడు పట్టి గడప దాటిండు, మేక తుమ్మింది. మామ ఎన్కకొచ్చి కూసున్నడు. బయలెల్లంగ ఒంటి తుమ్ము మంచిది కాదంట. నీళ్లు తాగి మళ్ల లేసిండు. మళ్ల తుమ్మింది, మళ్ల కూసున్నడు. బస్సు పోయింది. తెల్లారి సుత గంతే.

"తుమ్ముతుందనే గద మామా, దవాఖానకు పోయేది" అంటి.

"తుమ్ములు తగ్గినంక పోదాం తియ్యి" అన్నడు.

మా అత్త పొయ్యికాడికెల్లి లేసొచ్చింది. ఆమెకు ముక్కుపొడి అలవాటు. "ఒంటి తుమ్మే గద అడ్డం, జంట తుమ్ము శుభమే గద" అనుకుంట చిటికెడు తీసి మేక ముక్కుల ఊదింది. ఇగ అది ఆగుతదా? తుమ్మి తుమ్మి, మామ తెల్ల ధోతి మీద జొన్నగింజలంత పురుగులు రాల్చింది. మామ బెదిరి తాడు ఇడ్సిపెట్టిండు. మేక బయటికి ఉరికింది, దాని ఎన్క మామ ఉరికిండు.

"అట్నే బస్సెక్కియ్యి, ఇంటికి తేకు" అని అత్త ఒర్రుతుంది.

ఎక్కిచ్చిండు. కండక్టర్ మేకకు సుత టికెట్టు కొట్టిండంట, అప్పట్ల గట్లుండె మరి. దవాఖానల డాక్టరు, రాలినయి కొన్నే, లోపల కొమ్ముల దిక్కు ఇంక ఉన్నయని మందు తాపిండు. ముక్కుపొడి ఊదినందుకు మామనే తిట్టిండంట పాపం.

కొన్ని దినాలకు మేక మ్యాత పట్టింది. పాలు దిగినయి. మల్లేశ్ కడుపు నిండ తాగుతుంటె నాకు ఏడుపొచ్చింది. మామ పక్కన కూసొని, "చూస్తివా కోడలా, ఆగి పోయినందుకే మంచిగైంది" అన్నడు.

నువ్వు ముక్కుపొడి జోలికి పోకు బిడ్డా, సీద డాక్టరు కాడికి తీస్కపో. ఎవరు కూసోమన్నా కూసోకు. నువ్వు, నీ పిల్లలు, నీ మేకలు సల్లగుండాలె...